పెద్దలకు పెట్టే పెనం

పెద్దలకు పెట్టుకునే ఛుసోక్ పండగ రేపనగా, పొద్దున్నే సూనే వంటింట్లో దిగింది. లేత గుమ్మడికాయలు చక్రాల్లా కోసి ఉప్పు చల్లింది. చేప ముక్కలు గుడ్డ మీద పరిచి తడి ఆరబెట్టింది. గుడ్లు గిలకొట్టి పెట్టుకుంది. ఇంక అట్లు వెయ్యడమే మిగిలింది. దానికి కరెంటు గ్రిల్లు కావాలి.

ఆ గ్రిల్లు లేకపోతే పండగ నడవదు. హాల్లో కింద కాయితాలు పరిచి, మధ్యలో గ్రిల్లు పెట్టుకుని, చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని పొద్దు వాలేదాకా అట్లు వేస్తారు. మామూలు రోజుల్లో అదే పలక మీద పంది మాంసం కాల్చుకుని తింటారు. పలక ఒక పక్కకి కాస్త వాలి ఉంటది. కరిగిన కొవ్వు ఆ వాలు వెంట జారి, మూలన ఉన్న కన్నంలోంచి కింద గిన్నెలో పడుద్ది. తిన్నాక ఆ పలకా గిన్నే కడగాలి. కడక్కపోతే ఇంక అది పెనం కాదు, పెంటకుప్పే.

సూనేకి మురికంటే పడదు. చిన్నప్పట్నించీ అంతే. పైగా ఆమె పని చేసేది బట్టలుతికే కొట్లో. ఊళ్ళో వాళ్ళ చొక్కా కాలర్లు, చెమట మరకలు, పిల్లలు కక్కిన దుప్పట్లు, అన్నీ ఆమె చేతి మీదగానే పోవాలి. రోజంతా ముక్కు బిగబట్టుకుని ఇంటికొస్తే, ఇల్లు అద్దంలా ఉండాలి. లేకపోతే అన్నం దిగదు.

వెనక బాల్కనీలో, సబ్బుపొడి డబ్బాల పక్కన ఉంది గ్రిల్లు పెట్టె. ఎండలు ముదిరినప్పుడు తోటికోడలు హేరాన్ పట్టుకెళ్ళింది, వానలకి ముందు తెచ్చిచ్చింది. సూనే ఆ పెట్టె విప్పి చూళ్ళేదు, అలాగే మూలకి తోసింది. ఈ మధ్య బాల్కనీలో ఏదో కంపు కొడుతుంటే, కింద వాటావాళ్ళ పైపులోంచి వస్తుందనుకుని తూములో బ్లీచింగు కూడా పోసింది.

పెట్టె మూత తీసింది.

గుప్పుమంది. చచ్చిన ఎలుకనీ, కుళ్ళిన వెల్లుల్లినీ, మాగిపోయిన నూనెనీ కలిపి మూటగట్టినట్టుంది ఆ కంపు. చుట్టిన కాయితం నూనెకి పారదర్శకంగా అయిపోయి వేళ్ళకి అంటుకుంది. పలక మీద నల్లగా తారు లాంటి పొర, ఆ పొర మీద బూడిద రంగు బూజు. ఊపిరి బిగబట్టి కొవ్వు గిన్నె లాగింది. కొవ్వు పచ్చగా గడ్డకట్టి ఉంది. అందులో మాడిన వెల్లుల్లి రెబ్బలు, కిమ్చీ పచ్చడి ఆకు ముక్క, కాళ్ళు పైకెత్తి చచ్చిన బొద్దింక. పక్కనే తెల్లగా ఏదో మెదిలింది.

పురుగు.

సూనేకి కడుపులోంచి దేవింది. గోడ పట్టుకుని నిలబడింది.

"ఏం చచ్చిందే అక్కడ?" హాల్లో టీవీ ముందు కూర్చుని, రేపటి కోసం చెస్ట్‌నట్లు ఒలుస్తున్న మొగుడు తేగ్యూ అరిచాడు.

"మీ తమ్ముడి పెళ్ళానికి సిగ్గు చచ్చింది! వచ్చి చూడండి, మీ మరదలు మనకి పంపించిన పండగ కానుక!"

తేగ్యూ వచ్చాడు. ఒక్కసారి చూసి, ముక్కు మూసుకుని వచ్చిన దారినే పోయాడు. "నా చేతుల్లో పెద్దలకు పెట్టే గింజలున్నాయి, నేను ముట్టుకోకూడదు" అన్నాడు.

"మీరెప్పుడు ముట్టుకున్నారు కనక!"

కొత్తది కొందామంటే పండగ ముందు రోజు కొట్లన్నీ కిక్కిరిసి ఉంటాయి. చచ్చినట్టు ఇదే కడగాలి. మొత్తం మీద గోధుమపిండి చల్లింది. పిండి కొవ్వుని పీల్చుకుని బూడిద రంగు ముద్దలైంది. ఆ ముద్దల్ని చెక్క గరిటెతో గీకి సంచిలో పడేసింది. ఒక్కో ముద్దకీ ఒక్కో డోకు. స్టీలు పీచు పెట్టి రుద్దితే పలక మీద నల్లపూత లేచిపోద్ది, రేపు అది అట్లకంటుకుని అందరి కడుపుల్లోకీ పోద్ది. అందుకని వేడినీళ్ళలో వంటసోడా కలిపి నానబెట్టి, మెత్తటి పీచుతో రుద్దింది. అడుగునున్న కాయిలికి నీళ్ళు తగలకూడదు. తడిగుడ్డ గట్టిగా పిండి, చాప్‌స్టిక్‌కి చుట్టి, సందుసందులోకీ దూర్చి తిప్పింది. బయటికి తీసినప్పుడల్లా గుడ్డ మీద గోధుమ రంగు జిగురు. చెవిలో గులిమి లాగా.

అంతా అయ్యాక ఆరబెట్టి కరెంటు పెట్టింది. కాయిలు ఎర్రబడింది. సన్నగా పొగ లేచింది. పొగ నిండా వెల్లుల్లి వాసన.

సూనే నెత్తి పట్టుకుంది. పెద్దలకు పెట్టే తిండికి వెల్లుల్లి తగలకూడదు, కారం తగలకూడదు. తగిలితే, వచ్చిన పెద్దలు గడప దాకా వచ్చి మొహం తిప్పుకుని పోతారు. కాలం చేసి, ఏడాదికోసారి వచ్చే మావగారికి వెల్లుల్లి కంపు పెడతామా? స్విచ్చి తీసేసి, కాస్త చల్లారాక సోజు సారా పోసి తుడిచింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పొగ. మళ్ళీ తుడిచింది. ఇల్లంతా కల్లు కొట్టులా అయిపోయింది.

తన గదిలోంచి అత్త కప్సున్ బయటికొచ్చింది. ఎనభై దాటిన మనిషి. తెల్లటి జుట్టు నున్నగా దువ్వి పిన్ను పెట్టుకుంది. ఒకప్పుడు ఈవిడ కడిగిన గిన్నెలో మొహం చూసుకోవచ్చని వాడంతా చెప్పుకునేది.

"ఏమిటే ఈ కంపు?" అంది ముక్కు చిట్లించి.

"గ్రిల్లు అత్తయ్యా. హేరాన్ కడక్కుండా పెట్టెలో పెట్టి తెచ్చిచ్చింది."

కప్సున్ వంగి, సంచిలో ఉన్న ముద్దల్ని చూసింది. "ఛీ ఛీ! ఇంత రోతా! ఆడదన్నాక ఇలా ఎలా పెడతారే? చిన్నదానికి మొదట్నించీ శుభ్రం తక్కువ" అంది.

అత్త కూడా ఆ మాట అనేసరికి సూనేకి ఎక్కడలేని బలం వచ్చింది. లోపల మాటలు పేర్చుకుంటా కూర్చుంది.

మధ్యాహ్నానికి హేరాన్ వచ్చింది. చేతిలో బేరిపళ్ళ పెట్టె. ఆమెది జుట్టు కత్తిరించే కొట్టు. వేళ్ళకి ఇంకా జుట్టుకి పెట్టే మందు వాసన పోలేదు. మొగుడు సొంగ్యూ దూరాల బస్సు నడుపుతాడు, పండగ జనాల్ని దింపి రేపు తెల్లారేసరికి వస్తానన్నాడు. అందుకని ఒక్కతే వచ్చింది.

"ఆలస్యమైందక్కా. పండగంటే దేగు ఊళ్ళో ఆడవాళ్ళందరికీ జుట్టు వంకీలు తిరగాల్సిందేనాయె. ఊపిరి తీసుకోనివ్వలేదు."

"వంకీలు తిప్పడం బాగానే వచ్చు. పెనం కడగడమే రాదు" అంది సూనే.

"ఏ పెనమక్కా?"

సూనే కొవ్వు గిన్నెలోంచి గీకిన ముద్దల సంచి తెచ్చి, ఆమె కాళ్ళ ముందు విప్పింది. "ఇదీ. పట్టుకెళ్ళావు, పీకల్దాకా తిన్నావు, ఆ ఎంగిలి పెట్టెలో పెట్టి నా మొహాన కొట్టావు. చూడు, పురుగులు కూడా పెంచావు."

హేరాన్ సంచిలోకి చూసింది. గ్రిల్లు వైపు చూసింది. తర్వాత అత్త వైపు చూసింది. అత్త చేప ముక్కల్ని పిండిలో పొర్లిస్తా కూర్చుని ఉంది. హేరాన్ మొహం పాలిపోయింది. ఏదో అనబోయి, ఆగి, తల దించేసింది.

"తప్పయిపోయిందక్కా."

"తప్పా? తప్పంటే ఉప్పెక్కువ వెయ్యడం. ఇది తప్పు కాదు, ఒళ్ళు కొవ్వు. అక్క ఉంది కదా, మురికి అదే కడుక్కుంటదిలే అని. నేను మీ ఇంటి పాకీదాన్నా?"

"కాదక్కా. తెలీక..."

"ఏం తెలీక? పెద్దలకు పెట్టే పెనం ఇదని తెలీదా? పొద్దున్నించీ తుడుస్తున్నా, వెల్లుల్లి కంపు పోలా! రేపు మావగారు గడప తొక్కుతారా?"

"పండగ పూట ఎందుకే ఇదంతా" అని టీవీ ముందు నించి తేగ్యూ అన్నాడు.

"మీరు గింజలొలవండి!" అని మొగుడి నోరు మూయించి, సూనే మళ్ళీ హేరాన్ మీద పడింది. "ఒకటి చెప్తా విను. వచ్చే ఏడాది నించి నువ్వు రావక్కర్లా. మీ ఆయన్ని పంపు, వచ్చి దణ్ణం పెట్టుకుని పోతాడు. నీ చెయ్యి తగిలిన తిండి ఈ ఇంట్లో పెద్దలకు పెట్టను. నువ్వు నా గడప తొక్కొద్దు."

ఆ మాటకి తేగ్యూ టీవీ కట్టేశాడు. హేరాన్ కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

కప్సున్ పిండి చేతులు దులుపుకుంటా అంది, "పెద్దది చెప్పేదాంట్లో తప్పేముంది? ఇంత రోత చేసి ఏడుపొకటి. ఛీ, నా కడుపులో తిప్పుతుంది."

"అవునత్తయ్యా" అంది హేరాన్. "నాదే తప్పు."

అట్లు మాత్రం ఆగవు కదా. ముగ్గురాడవాళ్ళూ గ్రిల్లు చుట్టూ కూర్చున్నారు. అత్త పిండిలో ముంచుద్ది, హేరాన్ గుడ్డులో ముంచుద్ది, సూనే పలక మీద వేసి తిరగేస్తది. నూనె చిటపటలే మాటలు. హేరాన్ ముక్క అందించినప్పుడల్లా, ఆ వేలు తన వేలికి తగలకుండా సూనే గిన్నె చివర్నించి అందుకుంది. అంత అసహ్యం పేరుకుంది ఆమె లోపల.

పొద్దు వాలేసరికి అట్లు పళ్ళాలనిండా పేర్చారు. సూనే తిండి చెత్త పారెయ్యడానికి కిందకి పోయింది. పండగ కదా, చెత్త డబ్బాలన్నీ నిండిపోయి, చేపతలకాయలు బయటకొచ్చి, ఈగలు ముసురుతున్నాయి. సంచి విసిరేసి, చెయ్యి విదుల్చుకుంటా పైకొచ్చింది. తలుపు తీయగానే కాలిన కాయితం వాసన తగిలింది.

హాల్లో కప్సున్ కూర్చుని గ్రిల్లు సర్దుతా ఉంది. పలక ఇంకా వేడిగానే ఉంది. దాని మీద మాడిన గుడ్డు ముక్కలు అలాగే ఉన్నాయి. కింద గిన్నెలో నూనె తొణుకుతుంది. ఆ నూనె గిన్నెతో సహా అంతా కాయితంలో చుడతా ఉంది ముసలావిడ. పసిబిడ్డకి దుప్పటి చుట్టినట్టు మూలలు మడిచి, సర్ది, పెట్టెలో పెట్టింది. కాయితం ఒక మూల గోధుమ రంగుకి తిరిగి, సన్నగా పొగ వస్తుంది.

పక్కనే హేరాన్ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. తేగ్యూ టీవీ ముందే కునుకు తీస్తున్నాడు.

"చూశావా, ఎంత నున్నగా కడిగానో" అంది కప్సున్.

"అవునత్తయ్యా. అద్దంలా ఉంది. ఇంక మీరు పోయి కాస్త నడుం వాల్చండి, పెట్టె నేను లోపల పెడతా" అంది హేరాన్. మెల్లగా, అలవాటైన మనిషిలా. ఇలా అనడం ఆమెకి మొదటిసారి కాదని ఆ గొంతు వింటేనే తెలుస్తుంది.

అత్త లేచి గదిలోకి పోయింది. హేరాన్ గబగబా కాయితం విప్పి, నూనె గిన్నె బయటికి లాగింది. తలెత్తేసరికి గుమ్మంలో సూనే.



సూనే ఆమె మోచెయ్యి పట్టుకుని వెనక బాల్కనీలోకి లాక్కెళ్ళి తలుపేసింది. "ఎప్పట్నించి?" అంది.

"ఏది అక్కా?"

"నాటకాలాడకు. ఎప్పట్నించి ఇలా చేస్తుంది?"

హేరాన్ తూము వైపు చూస్తా చెప్పింది. "వానలు పడేటప్పట్నించి. మంగళవారం నా కొట్టుకి సెలవు కదా. మీరు పనికి పోయాక, కూరేదో చేసి తెచ్చా. వచ్చేసరికి ఇంటినిండా పొగ. కిటికీలన్నీ బార్లా తీసి, గ్రిల్లు మీద పంది మాంసం, వెల్లుల్లి వేసుకుని కూర్చుంది. మాంసం బొగ్గయిపోయింది. ఎదురుగా రెండు అన్నం గిన్నెలు, రెండు చెంచాలు."

"రెండెందుకు?"

"నేనూ అదే అడిగా. 'మీ మావయ్య స్నానానికి పోయాడు, వచ్చేస్తాడు, నువ్వూ కూర్చో' అంది."

మావగారు పోయి చాలా ఏళ్ళయింది.

"కాసేపటికి మళ్ళీ మామూలు మనిషైంది. గ్రిల్లు చూసుకుంది, రెండో గిన్నె చూసుకుంది. నా మణికట్టు పట్టుకుని, 'పెద్దదానికి చెప్పకే, నీకు పుణ్యముంటది' అంది. చిన్నపిల్లలా ఏడ్చిందక్కా. అప్పట్నించీ మంగళవారం మంగళవారం వచ్చి, పెట్టె విప్పి కడిగి పెట్టి పోతున్నా. ఈ మధ్య పండగ గిరాకీకి సెలవు పెట్టలేకపోయా. అదీ... ఆ పురుగులు అప్పటివే."

"మరి మధ్యాహ్నం నన్నెందుకు అననిచ్చావే అన్ని మాటలు? ఆవిడ కూడా నిన్నే అంటుంటే నోరు మూసుకుని కూర్చున్నావే!"

"ఏమని చెప్పనక్కా, ఆవిడ ఎదురుగా? మీరే చేశారు అత్తయ్యా, మీకు గుర్తులేదు అని చెప్పనా?"

"నా చెవిలో చెప్పొచ్చుగా! నన్ను పరాయిదాన్ని చేశావా?"

హేరాన్ తల అడ్డంగా ఊపింది. చెప్పడానికి భయపడతానే చెప్పింది. "పై వాటాలో ముసలావిణ్ణి ఆశ్రమానికి పంపినప్పుడు, మీరు భోజనాల దగ్గర ఒక మాటన్నారు. 'మతి లేని ముసలోళ్ళు ఇంటినిండా రోత చేస్తారు, నేనైతే ఒక్క పూట భరించలేను' అని. అత్తయ్య అప్పుడు మీ పక్కనే కూర్చుని అన్నం తింటుంది. ఆ మాట మాత్రం ఆవిడ మర్చిపోలేదక్కా. అన్నీ మర్చిపోయిందిగానీ అది మర్చిపోలా. 'పెద్దదానికి మురికంటే పడదు, నన్ను పంపించేస్తది' అంది నాతో."

సూనేకి మళ్ళీ దేవింది. ఈసారి గ్రిల్లు చూసి కాదు. తన నోట్లోంచి వచ్చిన మాటలు, పొద్దున్నించీ ఈ పిల్ల మీద కక్కిన మాటలు, అన్నం ముందు ముసలావిడ మీద విసిరిన ఆ మాట, అన్నీ గడ్డకట్టి గొంతులో అడ్డం పడ్డాయి. పంది కొవ్వుకైతే గోధుమపిండి చల్లొచ్చు. దీనికేం చల్లుద్ది?

అక్కడే సబ్బుపొడి డబ్బా మీద కూలబడి ఏడ్చింది. వాంతి చేసుకున్నట్టు ఏడ్చింది. హేరాన్ పక్కన కూర్చుని వీపు రాసింది.

"గడప తొక్కొద్దన్నా కదే నిన్ను."

"అన్నారు. నేను విన్లా" అంది హేరాన్. "అయినా మీరు రావద్దంటే మంగళవారం ఎవరొస్తారు?"

ఏడుపులోనే సూనేకి నవ్వొచ్చింది. ముక్కు చీదుకుంది. "రేపు పెద్దలకు పెట్టాక అన్నదమ్ములిద్దరికీ చెబుదాం. డాక్టరుకి చూపిద్దాం. పగటి పూట ఎవరు ఉండాలో అందరం కూర్చుని చూసుకుందాం. పంపించే మాట మాత్రం ఈ ఇంట్లో ఎవరి నోటా రానివ్వను. ముందు నా నోట."

ఇద్దరూ మొహాలు కడుక్కుని హాల్లోకి వచ్చారు. తీరా చూస్తే కప్సున్ నిద్రపోలేదు. మళ్ళీ వచ్చి, విప్పేసిన గ్రిల్లు ముందు కూర్చుని ఉంది. పలక మీద మాడిన ముక్కల్ని, గిన్నెలో నూనెని చూస్తా మొహం వికారంగా పెట్టింది.

"ఛీ! ఎవరే దీన్నిలా వదిలేసింది? ఎవరు చేశారీ రోత?"

హేరాన్ నోరు తెరిచింది. అంతకంటే ముందే సూనే వచ్చి అత్త పక్కన కింద కూర్చుంది.

"నేనే అత్తయ్యా."

"నువ్వా?" కప్సున్ నమ్మలేనట్టు చూసింది. "పెద్దదానివి, నువ్వే ఇలా చేస్తే ఎలాగే? కొత్త కోడలిగా వచ్చినప్పుడే చెప్పాను కదా. వేడి మీద నీళ్ళు పొయ్యకూడదు, పలక వంకరపోద్ది. పూర్తిగా చల్లారనివ్వకూడదు, కొవ్వు బిగుసుకుపోద్ది. గోరువెచ్చగా ఉన్నప్పుడు పట్టుకోవాలి. ఇట్రా, చెయ్యి ఇయ్యి."

ముడతలు పడ్డ ఆ చెయ్యి సూనే చేతిని పట్టి, గుడ్డతో సహా పలక మీద పెట్టింది. వాలు వెంట, మూల కన్నం వైపు, మెల్లగా నడిపించింది. జిడ్డు వేళ్ళ సందుల్లోకి పాకింది. సూనే చెయ్యి తీసుకోలేదు. టీవీ ముందు అప్పుడే కునుకులోంచి లేచిన తేగ్యూ ఒలుస్తున్న గింజ పట్టుకుని, ఏం జరుగుతుందో తెలీక నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"అలా కాదే. ఇలా, ఒకే పక్కకి. ఇటూ అటూ రుద్దితే మురికి తిరిగి అక్కడికే వస్తది."

"సరే అత్తయ్యా. ఇంకెప్పుడూ ఇలా వదిలెయ్యను."

కప్సున్ ఆగి, కోడలి మొహంలోకి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తిట్టానని ఏడుస్తుందేమో అనుకుని పాపం జాలేసింది ముసలావిడకి. మోచేత్తో ఆ పిల్ల భుజాన్ని తట్టింది.

"వదిలేస్తావులే. మర్చిపోతావు" అంది. "మర్చిపోతే ఏమైంది. మళ్ళీ చెప్తాలే."